గుర్తు వేఱు, గ్రంథము వేఱు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామములో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నిలిచినదన్నచో, దాని వెనుక పేరులేని సేవ యెంతయో యుండును. పుస్తకములు కొని యిచ్చిన దాతలను అందఱును తలతురు. సభలలో మాటాడిన పెద్దల పేర్లు పత్రికలలో పడును. ఏ పుస్తకము ఎవరి యింటికి పోయినది, ఎన్నడు తిరిగి వచ్చినది అని ప్రతిదినమును ఓపికతో వ్రాసిపెట్టిన వారిని తలచువారు అరుదు. కాని గ్రంథాలయమునకు ప్రాణము ఆ వ్రాతయే. అది చెడినచో అల్మారాల నిండ పుస్తకములున్నను, ఆ భవనము పుస్తకముల కొట్టు మాత్రమే యగును.

1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి కార్యదీక్షాపరులు ఊరూర గ్రంథాలయములు నెలకొల్పుటకు తిరిగిరి. 1931లో షియాలి రామామృత రంగనాథన్‌గారు గ్రంథాలయశాస్త్రమునకు అయిదు సూత్రములను చెప్పిరి. పాఠకుని కాలము వ్యర్థము కారాదనునది వానిలో నాలుగవ దాని తాత్పర్యము. పుస్తకము ఉన్నదో లేదో చెప్పుటకు గంటసేపు వెదకు గ్రంథాలయము పాఠకునకు మేలు చేయజాలదు. ఆ కాలమును మిగుల్చుటకే పట్టికలు పుట్టినవి, చీటీల సొరుగులు పుట్టినవి. ఇప్పుడు అనేక గ్రంథాలయములలో ఆ సొరుగుల స్థానమును కంప్యూటరు ఆక్రమించినది.

కంప్యూటరు వచ్చిన పిదప పని సులువైనమాట నిజమే. తెర మీద ఒక చిన్న బొమ్మ యుండును. దానిపై రెండుమారులు క్లిక్కు చేసినంతనే పట్టిక తెఱచుకొనును. ఆ బొమ్మను షార్టుకట్టు అందురు. అయితే ఒకనాటి యుదయమున ఆ బొమ్మను ఎన్నిమారులు నొక్కినను పట్టిక తెఱచుకొనదు. తెరపై ఆంగ్లములో ఏదో యొక హెచ్చరిక కనబడును. అప్పుడు ఏమి చేయవలయును, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయరాదు అనునదే ఈ యుపన్యాసమునకు విషయము. విషయము చిన్నదిగా తోచవచ్చును. దాని ఫలితము ఒక్కొక్కమారు మనుష్యుల పరువువఱకు పోవును.

ఒక గ్రామ గ్రంథాలయమును ఊహింపవలయును. దానికి ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకడు గ్రంథపాలకుడు. ఊరందఱును ఆయనను మాస్టారని పిలుతురు. ఆషాఢమాసములో ఒక ఆదివారమునాడు షార్టుకట్టు పనిచేయలేదు. ఎదుట పదిమంది పాఠకులు నిలిచియున్నారు. పట్టణములో చదువుచు సెలవులకు వచ్చిన కుఱ్ఱవాడొకడు ముందుకు వచ్చి, “ఉండండి మాస్టారూ, నేను చూస్తాను” అని కూర్చుండి, ఎక్కడనో వెదకి పట్టిక ఫైలును పట్టుకొని, దాని నకలు నొకదానిని డెస్కుటాపు మీద పెట్టెను. నొక్కగా అది తెఱచుకొనెను. అందఱును సంతోషించిరి. కుఱ్ఱవాడు పట్టణమునకు తిరిగి పోయెను.

ఆనాటినుండి ఆ గ్రంథాలయమునకు తెలియకయే రెండు పట్టికలు ఏర్పడినవి. ఉదయమున మాస్టారు డెస్కుటాపు మీది నకలులో వ్రాయుచుండెను. సాయంకాలము వచ్చు సహాయకురాలు తన కంప్యూటరు నుండి అసలు ఫైలులో వ్రాయుచుండెను. ఒకరి వ్రాత మఱియొకరికి కనబడదు. మూడు నెలలు గడచినవి. దసరా ముందు బకాయిల జాబితా తీసి గోడకు అంటించిరి. అందులో బట్టలు కుట్టి జీవించు ఒక యిల్లాలి పేరు కనబడెను. ఆమె వచ్చి, “మాస్టారూ, ఆ పుస్తకం శ్రావణమాసంలోనే మీ చేతికి ఇచ్చాను గదండీ. పదిమందీ చదివే చోట నా పేరు పెట్టారు” అని కన్నీరు పెట్టుకొనెను. మాస్టారు సహాయకురాలి తెర చూచెను. పుస్తకము ఆమె పేరనే యుండెను. వచ్చినట్లు వ్రాసినది తన చేతనే కాని, వ్రాసినది నకలులో. జాబితా తీసినది అసలులో. యంత్రము అబద్ధమాడలేదు, ఆమెయు అబద్ధమాడలేదు. అయినను ఒక నిజాయితీపరురాలు పదిమందిలో మాటపడెను.

ఈ కథ కల్పితమే. కాని ఇందులోని పొరపాటు కల్పితము కాదు. షార్టుకట్టు చెడిన ప్రతి కార్యాలయములోను మొదట తోచు ఉపాయము ఇదియే. కావున షార్టుకట్టు అనగా ఏమో ముందుగా తెలిసికొనవలయును.

పూర్వపు గ్రంథాలయములలో చీటీల సొరుగు ఉండెడిది. చీటీ మీద పుస్తకము పేరు, కర్త పేరు, అల్మారాలో దాని స్థానమును తెలుపు సంఖ్య యుండెడివి. చీటీ పుస్తకము కాదు. పుస్తకమున్న చోటును చెప్పు గుర్తు మాత్రమే. చీటీ చినిగిపోయినచో పుస్తకము చినుగదు. పుస్తకమును వేఱొక అల్మారాకు మార్చి చీటీని మార్చనిచో, చీటీని పట్టుకొని పోయినవానికి ఖాళీ అర కనబడును. షార్టుకట్టు సరిగా అట్టి చీటీయే. 1995లో వచ్చిన విండోస్ 95తో ఇది సామాన్యజనుల వాడుకలోనికి వచ్చినది. బొమ్మకు ఎడమవైపు క్రింది మూలలో వంకర తిరిగిన చిన్న బాణపు గుర్తు ఉన్నచో అది షార్టుకట్టని తెలియవలయును. దాని పరిమాణము సాధారణముగా ఒకటి రెండు కిలోబైట్లకు మించదు. దానిలో ఉండునది పట్టిక కాదు, పట్టిక యొక్క చిరునామా.

ఇందుండి ఒక గొప్ప ప్రమాదము బయలుదేరును. పట్టికను భద్రపఱచుచున్నామని తలచి, కొందఱు డెస్కుటాపు మీది బొమ్మను పెన్‌డ్రైవులోనికి కాపీ చేసి బీరువాలో దాచుదురు. సంవత్సరములకొలది అట్లే చేయుదురు. ఒకనాడు కంప్యూటరు డిస్కు పాడగును. అప్పుడు పెన్‌డ్రైవును తెఱచి చూడగా, అందు పట్టికకు బదులు చీటీ మాత్రమే యుండును. ఇల్లు కాలిన పిదప ఇంటి చిరునామా చేతికి చిక్కినట్లగును. భద్రపఱచిన ఫైలు పరిమాణము ఒకటి రెండు కిలోబైట్లు మాత్రమే యున్నచో, అది పట్టిక కాదని ఆనాడే గ్రహింపవలయును.

ఇక పట్టిక ఫైలు సంగతి. చిన్న గ్రంథాలయములును, సంఘములును తఱచు వాడునది మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అను డేటాబేసు. ఇది 1992లో మొదట వెలువడినది. 2003 కూర్పువఱకు దాని ఫైళ్లకు పేరు చివర ఎం.డి.బి. అను అక్షరములుండెడివి. 2007 కూర్పునుండి ఎ.సి.సి.డి.బి. అను క్రొత్త రూపము వచ్చినది. పుస్తకముల జాబితా, సభ్యుల జాబితా, ఇచ్చిపుచ్చుకొన్న లెక్క, వ్రాయుటకు వలయు ఫారములు అన్నియు ఒకే ఫైలులో ఇముడును. ఆ ఫైలు 2 గిగాబైట్లకు మించి పెరుగరాదు. ఉత్తరమును తెఱచినట్లు దానిని ఒక్కరే తెఱచి మూయుట కాదు. ఒకే సమయమున పలువురు అందు వ్రాయవచ్చును. అందుచేతనే దానిని తెఱచుటలో చిక్కులును ఎక్కువ.

షార్టుకట్టు పనిచేయనప్పుడు కంగారుపడి అన్నియు ఒకేమారు మార్చరాదు. వైద్యుడు నాడి చూచినట్లు మూడు ప్రశ్నలను వరుసగా వేసికొనవలయును. మొదటి ప్రశ్న: అసలు ఫైలు ఉన్నచోటికి పోయి, దానిని నేరుగా నొక్కినచో తెఱచుకొనుచున్నదా? తెఱచుకొన్నచో ఫైలు క్షేమము, ప్రోగ్రాము క్షేమము. దోషము చీటీలోనే యున్నది. తెఱచుకొననిచో రెండవ ప్రశ్న: ముందు యాక్సెస్ ప్రోగ్రామును తెఱచి, దానిలోని ఓపెన్ అను మాట ద్వారా ఆ ఫైలును పిలిచినచో వచ్చుచున్నదా? వచ్చినచో ఫైలునకును ప్రోగ్రామునకును గల సంబంధము తెగినదని అర్థము. అప్పుడును రానిచో మూడవ ప్రశ్న: అదే ప్రోగ్రాముతో మఱియొక డేటాబేసు తెఱచుకొనుచున్నదా? అది తెఱచుకొన్నచో దోషము ఈ ఫైలులోనో, అది యున్న చోటులోనో కలదు. అదియు తెఱచుకొననిచో ప్రోగ్రామే చెడినదనుకొనవలయును. ఈ మూడు ప్రశ్నలతో వెదకవలసిన తావు నాలుగవవంతునకు తగ్గును.

చీటీలో దోషమున్నదని తేలినచో, దానిపై మౌసు కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ అను మాటను ఎన్నుకొనవలయును. అందు టార్గెట్ అను గడిలో చిరునామా యుండును. అక్కడనే ఓపెన్ ఫైల్ లొకేషన్ అను మీట యుండును. దానిని నొక్కినచో చీటీ చెప్పు చోటునకు కంప్యూటరు తీసికొనిపోవును. అక్కడ ఫైలు లేదన్నచో, ఎవరో దాని పేరు మార్చియుందురు, లేక ఫోల్డరు పేరు మార్చియుందురు, లేక వేఱొక చోటికి జరిపియుందురు. ఫోల్డరు పేరులో ఒక్క యక్షరము మాఱినను చిరునామా తప్పును. ఫైలు అదే డిస్కులో జరిగినప్పుడు విండోస్ తానే వెదకి పట్టుకొనుటయు కలదు. కాని పూర్వపు కూర్పులు ఒక్కొక్కమారు పోలికగల వేఱొక ఫైలును చూపి ఇదియేనా యని యడిగెడివి. తొందరపడి అవునన్నచో, ఎప్పటిదో పాత నకలునకు చీటీ అతుకుకొనును. కథలోని రెండు పట్టికల కష్టము అట్లును రావచ్చును.

రెండవ కారణము డ్రైవు అక్షరము. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. ఆ గ్రంథాలయమునకు పుస్తకములు స్థిరము, రేవు మాత్రము మాఱుచుండెడిది. పెన్‌డ్రైవును, బయటి డిస్కును అట్టివే. నేడు దానికి ఇ అను అక్షరము వచ్చును. ఱేపు ఇంకొక పరికరము ముందుగా తగిలించినచో ఎఫ్ అను అక్షరము వచ్చును. ఇ రేవులో వేచియున్న చీటీకి పడవ కనబడదు. దినదినము వ్రాయు పట్టికను పెన్‌డ్రైవులో ఉంచి వాడుట ఏ విధముగను మంచిది కాదు. రెండు కంప్యూటర్లను నెట్‌వర్కుతో కలిపి, ఒకదానిలోని ఫోల్డరునకు రెండవదానిలో ఒక అక్షరమును తగిలించుకొన్న చోట్లను ఈ చిక్కే వచ్చును. మొదటి కంప్యూటరును ఆన్ చేయకమునుపే రెండవదానిని ఆన్ చేసినచో ఆ సంబంధము కుదురకపోవచ్చును. అందుచేత చిరునామాలో అక్షరమునకు బదులు, రెండు వాలుగీతలు పెట్టి ఆ కంప్యూటరు పేరునే వ్రాయుట మేలు. ఎడమవైపు మూడవ యిల్లు అని చెప్పుటకంటె ఇంటివారి పేరు చెప్పుట నయము కదా!

మూడవ కారణము ప్రోగ్రాము మాఱుట. కొన్ని షార్టుకట్టులలో రెండు చిరునామాలుండును. మొదటిది యాక్సెస్ ప్రోగ్రాముది, రెండవది ఫైలుది. ఆఫీసు ప్రోగ్రాములను క్రొత్త కూర్పునకు మార్చినప్పుడు ప్రోగ్రాము ఉండు ఫోల్డరు పేరు మాఱవచ్చును. ఫైలు కదలకున్నను చీటీ పనిచేయదు. ఈ చిరునామాలలో ఖాళీ జాగాలున్నచో ఒక్కొక్కదానిని వేఱువేఱుగా జంట ఉద్ధరణ చిహ్నములలో ఉంచవలయును. లేనిచో కంప్యూటరు ఖాళీ వచ్చినచోటనే పేరు ముగిసినదనుకొనును. వెంకట రామయ్య అను ఒక మనుష్యుని వెంకట అనియు, రామయ్య అనియు ఇద్దఱిగా లెక్కించినట్లు ఒక ఫైలును రెండుగా చూచి, ఏదియు దొరకలేదని చెప్పును. చిరునామా చివర ఏటవాలు గీత పెట్టి ఇ.ఎక్స్.సి.ఎల్. అని వ్రాసియున్నచో, తెఱచినవాడొక్కడే వాడుకొనునట్లు ఫైలు బంధింపబడును. తక్కినవారికి తలుపు మూసికొనును. ఆర్.ఓ. అని యున్నచో చదువుటకే గాని వ్రాయుటకు వీలుపడదు. ఎవరో ఎన్నడో ఒక యవసరమునకు చేర్చిన ఈ తోకలు తరువాతివారిని ఏడ్పించుచుండును.

పాత ఫైళ్లకు ఇంకొక కష్టము కలదు. యాక్సెస్ 97లో తయారైన ఫైలును 2013 కూర్పుగాని, దాని తరువాతివిగాని తెఱవజాలవు. అట్టి ఫైలును ముందుగా 2010 లేక అంతకు పూర్వపు నడిమి కూర్పులో తెఱచి, క్రొత్త రూపమునకు మార్చుకొనవలయును. ఇరువదియైదు సంవత్సరముల వయస్సుగల గ్రంథాలయములలో ఇట్టి ఫైళ్లు మూలపడి యుండుట వింత కాదు. కంప్యూటరులో యాక్సెస్ లేకపోయినచో, పట్టికను వాడుకొనుటకు మాత్రమే పనికివచ్చు రన్‌టైమ్ అను కూర్పును మైక్రోసాఫ్ట్ ఉచితముగా నిచ్చుచున్నది. దానితో పట్టికలో వ్రాయవచ్చును. పట్టిక నిర్మాణమును మాత్రము మార్చరాదు.

నాలుగవ కారణము తాళము. యాక్సెస్ ఫైలును ఎవరైనను తెఱచినంతనే, దాని ప్రక్కనే అదే పేరుతో ఒక చిన్న తాళపు ఫైలు పుట్టును. దాని పేరు చివర ఎల్.ఎ.సి.సి.డి.బి. అనియు, పాత రూపములో ఎల్.డి.బి. అనియు ఉండును. లోపల ఎవరెవరు ఉన్నారో అందు వ్రాసికొనబడును. అందఱును బయటకు వచ్చినపిదప అది తానే మాయమగును. పని నడుమ కరెంటు పోయినచో తాళము అక్కడనే మిగిలిపోవచ్చును. ఏ కంప్యూటరులోను పట్టిక తెఱచియుండలేదని నిశ్చయించుకొన్న తరువాతనే దానిని తొలగింపవలయును. తొలగింపదగినది ఆ తాళపు ఫైలు మాత్రమే. పేర్లు రెండును దాదాపు ఒక్కటిగా కనబడును గనుక, చివరి యక్షరములను కన్నులప్పగించి చూడవలయును. తాళము బదులు పట్టికనే తొలగించి విలపించినవారు లేకపోలేదు. తాళపు ఫైలు పుట్టుటకు ఆ ఫోల్డరులో వ్రాయు అనుమతి కావలయును. ఆ యనుమతి లేనివారికి పట్టిక తెఱచుకొన్నను చదువుటకే తెఱచుకొనును.

అయిదవ కారణము భద్రత. ఈమెయిలు ద్వారాగాని, ఇంటర్నెట్టు ద్వారాగాని వచ్చిన ఫైలునకు విండోస్ ఒక ముద్ర వేయును. 2022నుండి ఆఫీసు ప్రోగ్రాములు అట్టి ఫైళ్లలోని మాక్రోలను ముందుగానే ఆపివేయుచున్నవి. అప్పుడు పట్టిక తెఱచుకొనును గాని మీటలు పనిచేయవు. ఫైలు నమ్మదగినవారినుండి వచ్చినదని నిశ్చయముగా తెలిసినచో, దాని ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ అను గడిని గుర్తించి సరిచేయవచ్చును. ఎవరిచ్చిరో తెలియని ఫైలునకు ఆ పని చేయుట, దారిన పోవువానికి ఇంటి తాళపుచెవి ఇచ్చుటతో సమానము.

ఆఱవ కారణము ఈమధ్య తఱచు కనబడుచున్నది. విండోస్‌లో వన్‌డ్రైవ్ అను సౌకర్యమును ఆన్ చేసినప్పుడు డెస్కుటాపు, డాక్యుమెంట్స్ అను ఫోల్డర్లు దాని లోపలికి మాఱవచ్చును. కన్నులకు అన్నియు ఎప్పటి చోటనే యున్నట్లుండును. చిరునామా మాత్రము మాఱును. పాత షార్టుకట్టులు చెడును. అంతకంటె గొప్ప ముప్పు వేఱొకటి. ఇద్దఱు రెండు కంప్యూటర్లనుండి అందులోని యాక్సెస్ ఫైలులో వ్రాసినచో, ఆ సౌకర్యము ఫైలునంతను ఒక్క ముద్దగా చూచును గనుక, ఒకరి వ్రాత మఱియొకరి వ్రాతను త్రోసివేయవచ్చును, లేక రెండు నకళ్లు ఏర్పడవచ్చును. దినదినము వ్రాయు డేటాబేసును అట్టి ఫోల్డరులో ఉంచరాదు.

కొన్ని గ్రంథాలయములలో షార్టుకట్టు తెఱచుకొనును, ఫారము కనబడును, కాని పుస్తకముల పేర్లు రావు. అక్కడ ఫారములు ఒక ఫైలులోను, జాబితాలు మఱియొక ఫైలులోను ఉంచబడియుండును. రెండవ ఫైలు జరిగినదని అర్థము. లింక్డ్ టేబుల్ మేనేజర్ అను సాధనముతో క్రొత్త చిరునామాను చెప్పవలయును. మఱికొన్ని చోట్ల పేర్లు వచ్చును గాని తెలుగునకు బదులు అర్థములేని ఆంగ్లాక్షరములు కనబడును. ఇది ఫైలు చెడుట కాదు. పూర్వము తెలుగును ప్రత్యేకపు ఫాంటులలో టైపు చేసెడివారు. ఆ ఫాంటు క్రొత్త కంప్యూటరులో లేదు. ఫాంటును తెచ్చిపెట్టినచో అక్షరములు మరల వెలుగును. యూనికోడ్‌లో 1991నుండియే తెలుగునకు స్థానము కలదు గనుక, పాత జాబితాలను దానిలోనికి మార్చుకొనుట శాశ్వతమైన మార్గము.

ఫైలే చెడినదని హెచ్చరిక వచ్చినప్పుడు మొదట చేయవలసినది మరమ్మతు కాదు, నకలు. చెడిన ఫైలును ఉన్నదున్నట్లుగా వేఱొకచోట దాచి, పిమ్మట నకలుపై కాంపాక్ట్ అండ్ రిపేర్ అను సాధనమును ప్రయోగింపవలయును. వైద్యము వికటించినచో తిరిగి మొదలుపెట్టుటకు అసలు మిగిలియుండును. పని నడుమ కరెంటు పోవుటయే ఇట్టి చెడుగునకు ముఖ్యమైన కారణములలో నొకటి. కావున గ్రామములలో కంప్యూటరునకు యు.పి.ఎస్. పెట్టె యుండుట విలాసము కాదు.

చీటీ చెడినప్పుడు దానికి మందు చీటీయే. ఫైలు ఉన్నచోటికి పోయి, దానిపై కుడి మీట నొక్కి, సెండ్ టు అను మాట క్రింద డెస్కుటాపును ఎన్నుకొన్నచో క్రొత్త షార్టుకట్టు ఏర్పడును. పిదప పాతదానిని తీసివేయవచ్చును. పని నిముషములో ముగియును. కథలోని కుఱ్ఱవాడు చేయదగినది ఇంతమాత్రమే. అతనికి తెలివి లేక కాదు. గుర్తునకును గ్రంథమునకును గల భేదము తోచక నకలు తీసెను. మేలు చేయవచ్చినవాని చేత కీడు జరుగుటకు ఈ చిన్న భేదమే చాలును.

ఆ యిల్లాలి సంగతి చెప్పి ముగింపవలయును. మాస్టారు ఆనాడే గోడమీది కాగితమును తన చేతులతో తీసివేసెను. బీరువాలో సంతకముల పుస్తకము ఒకటి యుండెను. కంప్యూటరు వచ్చిన తరువాతను దానిని ఆయన మానలేదు. అందు శ్రావణమాసపు తేదీ, పుస్తకము సంఖ్య, ఆమె సంతకము స్పష్టముగా నుండెను. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఆ పుస్తకము సాయమున నాలుగు రాత్రులు కూర్చుండి ఒక్కటిగా చేసెను. పిదప పాఠకులందఱి యెదుట ఆమెతో, “అమ్మా, తప్పు మాది. మీ పుస్తకం మీరు వేళకే ఇచ్చారు” అని చెప్పెను. ఆమె, “పోనీలెండి మాస్టారూ, ఇంకో పుస్తకం ఇప్పించండి” అనెను. సహాయకురాలు ఆ పుస్తకమును పట్టికలో వ్రాసినది. ఆనాటికి పట్టిక ఒక్కటే.

ఈ కథవలన ప్రతి గ్రామ గ్రంథాలయమును ఆచరింపదగినవి నాలుగు కలవు. పట్టిక ఫైలు ఏ కంప్యూటరులో, ఏ ఫోల్డరులో, ఏ పేరుతో ఉన్నదో ఒక అట్టమీద వ్రాసి గోడకు తగిలింపవలయును. కార్యదర్శికి తెలియకుండ ఆ పేరునుగాని, చోటునుగాని ఎవరును మార్చరాదు. వారమునకొకమారు అందఱును పట్టికను మూసిన తరువాత అసలు ఫైలును పెన్‌డ్రైవులోనికి నకలు తీసి, తేదీ వ్రాసి, దానిని వేఱొక కంప్యూటరులో తెఱచి చూచి మఱీ బీరువాలో పెట్టవలయును. ఆ నకలులో మాత్రము ఎన్నడును క్రొత్త వ్రాత వ్రాయరాదు. తుదకు, సంతకముల పుస్తకమును ఎంత మంచి యంత్రము వచ్చినను విడువరాదు.

తెరమీది బొమ్మ కదలకుండుటవలన పుస్తకము పోలేదు, చదువరి పోలేదు. చీటీ మాత్రమే దారి తప్పినది. దానిని సరిచేయుటకు కావలసినది గొప్ప విద్య కాదు; తొందరపడని చూపు, వ్రాసిపెట్టుకొనిన చిరునామా. ఇరువదియైదు సంవత్సరములు ఈ దీపమును ఆరనీయక కాపాడిన సేవకులకు నమస్కారములు. ఈ గ్రంథాలయమునకు పట్టిక ఎల్లప్పుడును ఒక్కటిగా, చదువరులు ఎల్లప్పుడును పెక్కుమందిగా వర్ధిల్లుదురుగాక!